ప్రేమవిందులో ఒక్క ముద్ద

మా అక్క బడికి పోలేదు, జిల్లా దాటలేదు. కానీ సముద్రాల అవతల ఆమె కథ చెప్పుకుని ఏడ్చినవాళ్లు ఉన్నారట. మా పాస్టరయ్య ఈ మాట చెప్పినప్పుడల్లా ఆయన ముఖం వెలిగిపోయేది, నాకు ఒళ్లు మండిపోయేది. ఏడ్చారు సరే, ఆ తర్వాత ఏమైందమ్మా అని ఒక్కరైనా అడిగారా? చాలా ఏండ్లు ఎవరూ అడగలేదు. అడగని దానికే నేను జవాబు చెబుతున్నాను.

మాది కొండాపురం వైపు ఒక ఊరు. ఇప్పుడు లేదు, గండికోట రిజర్వాయరు నీళ్ల కింద ఉంది. ఉన్నప్పుడు కూడా అది ఒక్క ఊరుగా ఎన్నడూ లేదు. పైవీధి ఒక ఇంటివాళ్లది, చావిడి వీధి ఇంకో ఇంటివాళ్లది. ఆ రెండు ఇండ్లకూ తాతల నాటి పగ. పగ ముందు వచ్చింది, పార్టీలు తర్వాత వచ్చాయి. వచ్చి చెరొక ఇంటి మీద చెరొక జెండా కట్టాయి. మేము ఊరికి తూర్పున, గుడి చుట్టూ ఉండేవాళ్లం. చర్చిని మేము గుడి అనే అంటాం. మా పెద్దలు మిషను దొరల కాలంలో బాప్తిస్మం తీసుకున్నవాళ్లు. ఆదివారం అందరం ఒకే గుడిలో ఒకే పాట పాడేవాళ్లం. తెల్లారితే సగంమంది పైవీధికి, సగంమంది చావిడి వీధికి కూలికి పోయేవాళ్లం. జీపులెక్కి తిరిగేదీ మావాళ్లే, జీపుల మీద బాంబులు వేసేదీ మావాళ్లే. చచ్చేదీ మేమే, జైలుకు పోయేదీ మేమే. ఆ రెండు ఇండ్లవాళ్లు మాత్రం పూలదండలు వేసుకుని నామినేషన్లు వేయడానికి పోయేవాళ్లు.

మా బావ, అంటే అక్క మొగుడు, చావిడి వీధి ఇంటివాళ్ల తోటలో మోటర్లు చూసుకునేవాడు. ఒక ఎలక్షన్లో ఆ ఇంటి పెద్దాయన ఆయన్ని పిలిచి, "బూతులో ఏజెంటుగా కూర్చోప్పా. మీ వీధిలో చదువుకున్నోడివి నువ్వే" అన్నాడు. పదో తరగతి తప్పినవాడు మాకు చదువుకున్నవాడు. ఏజెంటు పని ఏమిటంటే, ఓటు వేయడానికి వచ్చినవాడి ముఖం చూసి, ఫలానావాడు ఇతను కాదు అని చెప్పడం. మా బావ పిచ్చిమారాజు, అదే చెప్పాడు. పైవీధివాళ్లు లారీలో దింపిన మనుషులను చూసి, వీళ్లు మా ఊరివాళ్లు కారు సార్ అని పోలింగు ఆఫీసరుతో గట్టిగా చెప్పాడు.

ఓట్లయిన కొన్నాళ్లకు ఆయన జమ్మలమడుగు నుంచి సైకిల్ మీద వస్తుంటే ఊరి బయట వంక దగ్గర జీపు అడ్డం పెట్టారు. అక్క ఆ వంకలోనే గుడ్డలు ఉతుకుతూ ఉంది. చప్పుడుకు తలెత్తి అన్నీ చూసింది. బాంబు వేసినవాడు జీపు డ్రైవరు. ముందు సీట్లో కదలకుండా కూర్చున్నది పైవీధి నాయకుడు. ఆ డ్రైవరు పరాయివాడు కాదు, మా వీధివాడే. మా బావా వాడూ ఒకే ఆదివారం ఒకే నీళ్లలో బాప్తిస్మం తీసుకున్నారు. మా అమ్మ చేతి సంగటి తిని పెరిగినవాడు.

కేసులో నాయకుడు ఏ వన్, అంటే మొదటి ముద్దాయి, డ్రైవరు ఏ టూ. మా ప్రాంతంలో సంతకం రాని ముసలమ్మలకు కూడా ఈ లెక్క తెలుసు. వంక దగ్గర చూసినవాళ్లు ఇంకొందరు ఉన్నారు. ఒకరి తర్వాత ఒకరు, మేము చూడలేదప్పా, మాకు తెల్దప్పా అని పక్కకు తప్పుకున్నారు. వాళ్లనూ నేను తిట్టలేను, పిల్లలు గలవాళ్లు. చివరకు మిగిలింది మా అక్క ఒక్కతే. ఆమె మాట నిలబడితే కేసు నిలబడుతుంది, లేకపోతే లేదు.

రాజీకి రమ్మని ఆమె గడప తొక్కనివాడు లేడు. రాజీ అంటే మా వైపు ఒక పద్ధతి ఉంది. కాగితాలు ఉండవు. నలుగురి ముందు చంపినవాళ్లూ చచ్చినవాళ్ల తరపువాళ్లూ చేతిలో చేయి వేస్తారు. తప్పు చేసినవాళ్లు పొట్టేళ్లను కోస్తారు. ఇద్దరూ ఒక పంక్తిలో పక్కపక్కన కూర్చొని తింటారు. ఆ కూడు నోట్లో పెట్టుకుంటే కేసు వదులుకున్నట్టే. ఆ తర్వాత కోర్టులో నోరు తెరిస్తే వాళ్లు మాట తప్పినవాళ్లు. మా ఊర్లు మనిషిని చంపినవాడికి బీడీ ఇచ్చి మంచం మీద కూర్చోబెడతాయి గానీ, రాజీ కూడు తిని మాట తప్పినవాళ్లకు గుక్కెడు నీళ్లు కూడా పోయవు.

అక్క ఎవరు వచ్చినా ఒకటే చెప్పేది. "నాకు మీ పొలమొద్దు, మీ దుడ్లొద్దు. నేను చూసింది చూసినట్టు జడ్జీ ముందర చెప్పాల. అంతే."

నేనూ ఒకసారి భయపడి, "నీకేమన్నా అయితే ఎట్లా అక్కా?" అన్నాను.

"ఆయన్ని వంకలో ఏరుకున్యా నేను. ఈ చేతులతో" అంది అక్క. "ఎవురు చేసినారో ఒగసారన్నా గట్టిగా చెప్పుకోవద్దా?"

నేనప్పుడు పులివెందులలో కాపురం ఉండి తొండూరు బడిలో టీచరుగా చేసేదాన్ని. కేసు ప్రొద్దుటూరు కోర్టులో విచారణకు వస్తుందన్న ఎండాకాలంలోనే ఆ దొరపిల్లలు మా ఊరికి దిగారు. దొరపిల్లలు అనేది మావాళ్ల మాట. అమెరికాలో ఏదో కాలేజీ పిల్లలు, సెలవుల్లో సేవ చేయడానికి వచ్చారు. మా పాస్టరయ్య వాళ్లను తెప్పించడానికి ఎన్నాళ్లుగా పాట్లు పడ్డాడో. ఆయన్ని చెడ్డవాడని నేననను. మా బావను పూడ్చిన రోజు అందరూ ఇండ్లలో తలుపులేసుకుంటే పాడె ముందు నడిచింది ఆయనే. కానీ తెల్లతోలు కనబడితే ఆయనకు కాళ్లు నేల మీద నిలిచేవి కావు.

ఆ పిల్లలు మంచివాళ్లు. ముందే చెబుతున్నాను, మంచివాళ్లు. మా ఎండకు ముఖాలు కందిపోయి, ముక్కు తోలు ఊడిపోతున్నా నవ్వుతూనే ఉండేవాళ్లు. గుడికి సున్నం వేస్తామన్నారు. సున్నంలో జిగురు కలపాలని ఎవరూ చెప్పలేదో, చెప్పినా అర్థం కాలేదో, అట్లాగే పూసేశారు. ఆ వారమంతా గోడకు ఆనుకున్న ప్రతివాడి వీపూ తెల్లగా ఉండేది. చిన్నపిల్లలకు గంతులేసే పాటలు నేర్పారు, మేకలకు ఫోటోలు తీశారు, గండికోట పోయి పెన్నానది లోయ చూసి నోరు తెరుచుకుని వచ్చారు. వాళ్ల వెంట గుంటూరు వైపు నుంచి వచ్చిన దుబాసీ అబ్బాయి ఉండేవాడు. ఇట్లాంటి బృందాలను ఊర్లు తిప్పడమే ఆయన ఉద్యోగం. మా అక్క మాట్లాడుతుంటే నవ్వి, "మీ భాష కొంచెం మోటుగా ఉంటుందండీ, అర్థం చేసుకోవడం కష్టం" అన్నాడు. అక్క, "మాకు మీది పాట మాదిరి ఉంటాది లే నాయనా" అంది.

వాళ్లలో ఒక పిల్ల ఉండేది, పొడుగాటి పసుపుపచ్చ జడ. పాస్టరయ్య మా బావ సంగతి చెబితే ఆ పిల్ల వెక్కివెక్కి ఏడ్చిందట. అక్క ఇంటికి వచ్చి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. సంగటి ముద్దను ఎట్లా తుంచాలో తెలియక మోచేతి దాకా పూసుకుంది. అక్కకు పిల్లలు లేరు. ఆ పిల్ల చేతిని కడిగి, పమిట కొంగుతో తుడిచి, తన చేత్తో ముద్ద తినిపించి, "ఎంత ఎండకు వచ్చినావు తల్లీ" అంది. భాష తెలియకపోయినా ఇద్దరికీ బాగానే కుదిరింది. అది నాకు సంతోషమే.

ఆ పిల్లకే ఆలోచన వచ్చింది. పోయేముందు ఆదివారం గుడిలో ఒక క్షమాపణ కూడిక పెట్టాలి. ముందు దొరపిల్లలు ఊరివాళ్ల కాళ్లు కడుగుతారు. తర్వాత పగ ఉన్నవాళ్లు ముందుకు వచ్చి ఒకరినొకరు క్షమించుకుంటారు. చివర అందరూ కలిసి ప్రేమవిందు చేసుకుంటారు. కాళ్లు కడగడం, ప్రేమవిందు మా గుడికీ కొత్త కాదు. ఒక్కొక్కటి విడిగా చూస్తే అందులో తప్పు పట్టేది ఏమీ లేదు. బెయిలు మీద బయట ఉన్న డ్రైవరుతో పాస్టరయ్య మాట్లాడాడు. డ్రైవరు సరేనన్నాడు. ఎందుకు సరేనన్నాడో పాస్టరయ్యకు తెలియదంటే నేను నమ్మను.

శనివారం సాయంత్రం రెండు బస్సులు మారి నేను ఊరు చేరేసరికి గుడి వెనక వేపచెట్టుకు పొట్టేళ్లు కట్టేసి ఉన్నాయి. మంచి కండగల పొట్టేళ్లు. నేరుగా పాస్టరయ్య దగ్గరికి పోయి, "ఈ పొట్టేళ్లు ఎవరివి అయ్యా?" అని అడిగాను.

"పైవీధి నాయకుడు పంపించినాడమ్మా. దొరపిల్లలు మనూరికి వచ్చినారు, విందు మాది అన్నాడు ఆయన. మనసు మారినట్టుండాది."

"మీరు ఈ ఊర్లో పుట్టి పెరిగినవాళ్లు గదా. పైవీధి పొట్టేళ్లు, మా అక్క, ఆ డ్రైవరు, ఒక పంక్తి. ఇది ఏ విందో మీకు తెలీదా?"

ఆయన నా ముఖం చూడలేదు. "ప్రభువు పేరు మీద వచ్చినదాన్ని తప్పుగా చూడకూడదమ్మా. కాంపౌండు గోడ కూడా కట్టిస్తానన్నాడు" అన్నాడు.

అసలు సంగతి ఆ గోడలో ఉందన్నమాట. ఇక ఆయనతో లాభం లేదని దుబాసీ అబ్బాయి దగ్గరికి పోయాను. మా ఊరి పద్ధతి అంతా వివరంగా చెప్పాను. ఆయన చేతులు కట్టుకుని విని, "మంచి జరుగుతుంటే మధ్యలో రాజకీయాలు ఎందుకు మేడమ్?" అన్నాడు. కోపం నషాళానికంటింది నాకు. ఆ పసుపుజడ పిల్లనే పట్టుకున్నాను. నా ఇంగ్లీషు పాఠం చెప్పడానికి సరిపోయేది గానీ నోటితో మాట్లాడిన అలవాటు లేదు. ఈ భోజనం, కోర్టు, మా అక్క, ప్రమాదం అని నాకు వచ్చిన ముక్కలన్నీ కూడబలుక్కుని చెప్పాను. కంఠం వణికింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ పిల్ల అంతా విని, నన్ను గట్టిగా కౌగలించుకుంది. నా వీపు నిమిరింది. సంతోషంతో ఏడుస్తున్నాననుకుంది.

ఇంటికి పోయి అక్కకు చెప్పాను. "రేపు పోవద్దక్కా. తలనొప్పి అని పడుకో."

అక్క చేట పక్కన పెట్టింది. "నాకు తెలీదా ఏమే ఆ పొట్టేళ్లు ఎందుకొచ్చినాయో? కానీ వాన్ని తలుచుకుంటే నాకు ముద్ద దిగదు. కలలో కూడా వానే. నాకీ బరువు శానా అయిపాయ. గుడిలో దించుకోకుంటే యాడ దించుకునేది? క్షమిస్తా. కోర్టు సంగతి కోర్టులో చూసుకుంటా."

"వాళ్లు అట్లా అనుకోరు."

"అనుకోకపోతే అనుకోకపోనీ. నా మనసు వాండ్లదా?"

ఆమెతో వాదించి గెలిచినవాళ్లు మా ఇంట్లో లేరు.

ఆదివారం గుడి ముందు షామియానా వేశారు. అదీ పైవీధిదే. దొరపిల్లలు ప్లాస్టిక్ టబ్బులు పెట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్నారు. మా ముసలివాళ్లు సిగ్గుతో కాళ్లు వెనక్కి లాక్కుంటుంటే బతిమాలి కడిగారు. పసుపుజడ పిల్ల అక్క పాదాలను పట్టుకుంది. పగుళ్లలో శెనక్కాయ చేన్ల మన్ను ఏండ్ల తరబడి పేరుకున్న పాదాలు అవి. ఆ పిల్ల వేలితో మెల్లగా రుద్ది, తువ్వాలుతో తుడిచింది. అక్క కాళ్లు ఎవరైనా ముట్టింది మా అమ్మ పోయాక అదే మొదలు. అక్క గట్టిగా ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. ఎంత కోపంలో ఉన్నా ఆ నిమిషం అబద్ధమని నేను చెప్పలేను.

తర్వాత డ్రైవరును తీసుకొచ్చి ఆమె ముందు నిలబెట్టారు. వాడు తల వంచుకున్నాడు. వాడి భుజాలు అదిరాయి. వాడూ ఏడ్చాడు, నిజంగానే ఏడ్చాడు. అక్క చేయి చాపి వాడి చేయి పట్టుకుంది.

"నిన్ను క్షమించినా రా" అంది, అందరికీ వినపడేట్టుగా. "ఆయన్ని నువ్వు చేసినదానికి నిన్ను క్షమించినా."

దుబాసీ అబ్బాయి ఇంగ్లీషులో చెప్పాడు, దొరపిల్లలు చప్పట్లు కొట్టారు, పాటలందుకున్నారు, ఒకరి భుజాల మీద ఒకరు పడి ఏడ్చారు. ఒకడు కెమెరా తీశాడు. ఆ గోలలో నేను మాత్రం ఊరివాళ్లను చూస్తున్నాను. పైవీధివాళ్లు, చావిడి వీధివాళ్లు ఇద్దరూ వచ్చి షామియానా బయట నిలబడ్డారు. వాళ్లెవరికీ పాటలు పట్టలేదు. అక్క చేయి వాడి చేతిలో ఉన్నంతసేపూ ఆ చేతులనే చూశారు.

పంక్తిలో కూర్చోబెట్టారు. అక్క, ఆమె పక్కన డ్రైవరు. చివర కుర్చీ వేసుకుని పైవీధి నాయకుడు. అక్క విస్తరాకులో వడ్డించారు గానీ ఆమె చేయి పెట్టలేదు. కూర్చుంది, అంతే. తినకుండా లేచిపోవాలనే ఆమె ఉద్దేశమని నాకు తెలుసు. అంతలో పసుపుజడ పిల్ల వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చుంది. అంతకుముందు అక్క తనకు తినిపించింది గదా, ఇప్పుడు తాను తినిపించాలని ముచ్చటపడింది. అన్నంలో కూర కలిపి, వంకర ముద్ద చేసి, నవ్వుతూ అక్క నోటి దగ్గర పెట్టింది. కాళ్లు కడిగిన చేయి అది. అక్క ఆ పిల్ల కళ్లలోకి చూసింది. నోరు తెరిచింది.

ఒక్క ముద్ద. ఆమె గొంతు కదలడం నేను చూశాను. నాకన్నా బాగా నాయకుడు చూశాడు. ఆయన అప్పుడే లేచాడు. విస్తరాకు ముట్టకుండానే చేయి కడుక్కుని, దొరపిల్లలకు దండం పెట్టి, జీపెక్కి వెళ్లిపోయాడు. ఆయన ఆకలికి వచ్చినవాడు కాదు.

దొరపిల్లలు వ్యానెక్కి, కిటికీల్లోంచి చేతులూపుతూ పోయారు. వాళ్లు పోయిన మరునాడే పైవీధి మనిషి అక్క గుమ్మంలో నిలబడి, "అయిపాయ గదక్కా, ఇంగ కోర్టుకు పోబాకు" అన్నాడు.

"ఏం అయిపాయ?" అంది అక్క.

"అదేందక్కా అట్లంటావు? చేయి వేస్తివి, కూడు తింటివి."

"క్షమించినా అంటి. చూడలేదు అనలేదే."

వాడికి ఆ మాట అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే ఊర్లో ఎవరికీ అర్థం కాలేదు. చావిడి వీధివాళ్లు కూడా, మాతో ఒక్క మాట చెప్పకుండా రాజీ అయ్యిందని ఆమెను పనికి పిలవడం మానేశారు. ఎవరి బూతులో కూర్చుని మా బావ చచ్చాడో ఆ ఇంటివాళ్లు!

విచారణకు ప్రొద్దుటూరు కోర్టుకు ఆమె వెంట నేనే పోయాను. అక్క ఉతికిన తెల్లచీర కట్టుకుంది. బోనులో నిలబడి వంకలో చూసిందంతా చెప్పింది. ఎక్కడా తడబడలేదు. ఎవరు బాంబు వేశారో, ఎవరు సీట్లో కూర్చున్నారో వేలెత్తి చూపించింది. నాకు ధైర్యం వచ్చింది.

అప్పుడు అవతలి లాయరు లేచి ఒక ఫోటో తీశాడు. దొరపిల్లలు ప్రేమతో పాస్టరయ్యకు పోస్టులో పంపిన ఫోటో. పాస్టరయ్య దాన్ని పెద్దది చేయించి గుడి గోడకు పటం కట్టించాడు, ఒక కాపీ ఎవరికిచ్చాడో మనం అడగకూడదు.

"ఇందులో ఉన్నది నువ్వేనా?"

"నేనే."

"నువ్వు పట్టుకున్న చేయి ఈ ముద్దాయిదేనా?"

"అవును."

"అదే రోజు ఇతని పక్కన కూర్చొని భోంచేశావా?"

"అది..."

"అవునా కాదా, అంతే చెప్పమ్మా."

"అవును."

లాయరు జడ్జీ వైపు తిరిగాడు. మొగుడిని చంపినవాడి చేయి పట్టుకుని, వాడి పక్కన కూర్చొని ఏ ఆడదైనా అన్నం తింటుందా అన్నాడు. కాబట్టి ఇతను చంపలేదని ఆమెకు తెలుసు, ఎవరో చెప్పించి ఈరోజు చెబుతోంది అన్నాడు. అక్క "సార్, నేను చెప్తా" అని చేయెత్తింది. ఇక చాలమ్మా, దిగు అన్నారు. మా తరపు సర్కారు లాయరు కాగితాల్లో ఏదో వెతుక్కుంటూ ఉన్నాడు. అక్క ఎత్తిన చేయి అట్లాగే పెట్టుకుని కాసేపు నిలబడి, మెట్లు దిగింది. కేసు కొట్టేశారు.

అది కోర్టు. గుడి ఇంకా బాగా చేసింది. ఆ తర్వాత వచ్చిన సంస్కారపు ఆదివారం, అంటే ప్రభువు పేరున రొట్టె పంచే రోజు, అక్క అందరితో పాటు బల్ల ముందు మోకరించి చేతులు చాపింది. పాస్టరయ్య రొట్టె ఇస్తూ వచ్చి ఆమె దగ్గర ఆగాడు.

"క్షమించినానని దేవుని ముందర చెప్పి కోర్టులో వేలు చూపిస్తివి. ముందు అతనితో సమాధానపడమ్మా" అని మెల్లగా చెప్పి దాటిపోయాడు. ఆమె పక్కన మోకరించినవాడికి ఇచ్చాడు. ఆమె పక్కన ఉన్నది ఆ డ్రైవరు.

నేను వెనక బెంచీలోంచి లేచి అరవబోతే అక్క తల తిప్పి నన్ను చూసింది. కూర్చోమన్నట్టు చూసింది. అప్పటి నుంచి ఆమె గుడికి పోవడం మానలేదు, బల్ల దగ్గరికి పోవడం మానింది. పులివెందులకు వచ్చి నాతో ఉండమంటే, "నేను యాల పోవాల? తప్పు చేసినోండ్లు పోనీ" అనేది. జమ్మలమడుగులో ఒక ఆసుపత్రిలో ఊడ్చే పని చూసుకుని, పొద్దున బస్సుకు పోయి సాయంత్రం వచ్చేది. ఆదివారం ఆ ఫోటో కింద కూర్చునేది. తీసేయమని ఒకసారి అడిగితే, దొరలు మళ్లీ వస్తే బాధపడతారమ్మా అన్నాడట పాస్టరయ్య.

చివరకు నీళ్లు వచ్చాయి. రిజర్వాయరు నిండే ముందు ఊరు ఖాళీ చేయించారు. పైవీధి, చావిడి వీధి రెండూ ఒకేసారి మునిగాయి. వాళ్లు ప్రొద్దుటూరులో మేడలు కట్టుకున్నారు, పార్టీలు కూడా మారారు. ఇప్పుడు రెండు ఇండ్లకూ ఒకే జెండా. మావాళ్లు సర్కారు ఇచ్చిన పునరావాస కాలనీకి వచ్చారు. గంట, బెంచీలు, పుల్పిట్టు ట్రాక్టర్లలో తెచ్చుకున్నారు. ఆ ఫోటోను మాత్రం అక్క గోడ మీదే ఉండనిచ్చింది. ట్రాక్టరు ఎక్కించేవాళ్లు అడిగితే, అది చెదలు పట్టింది లేప్పా అని చెప్పిందట. నాకు చెప్పి చాలా రోజులు నవ్వింది. కాలనీలో కొత్త గుడి కట్టగానే పాస్టరయ్య దాన్ని దొరలతో కంప్యూటరులో మళ్లీ పంపించుకుని గోడంత ఫ్లెక్సీ వేయించాడు.

నేను రిటైరయి కాలనీలో అక్క దగ్గర ఉన్న రోజుల్లో మళ్లీ ఒక బృందం వచ్చింది. వేరే పిల్లలు, అవే నవ్వులు. పాస్టరయ్య ముసలివాడయ్యాడు, కర్ర పట్టుకుని నిలబడ్డాడు. ఫ్లెక్సీ చూపించి కథ చెప్పాడు. ఇన్నేళ్లుగా చెప్పి చెప్పి ఇంగ్లీషులో బాగా వచ్చింది ఆయనకు. బాంబు, విధవరాలు, క్షమాపణ, చేతిలో చేయి, ప్రేమవిందు, ఆమెన్. అక్కడికి ఆపేశాడు. డ్రైవరు ముందు వరుసలో కూర్చుని ఉన్నాడు. ఇప్పుడు సంఘపెద్ద, తెల్లచొక్కా, కళ్లజోడు. పిల్లలు వాడినీ అక్కనూ మార్చి మార్చి చూసి కళ్లు తుడుచుకున్నారు. ఆ అవ్వను ఒక మాట చెప్పమనండి అన్నారు.

అక్క లేచింది. పాస్టరయ్య మనవడు ఇంగ్లీషులో చెప్పడానికి ముందుకు వస్తే, "నువ్వొద్దు నాయనా" అంది. నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పవే. నేను చెప్పింది చెప్పినట్టు చెప్పు."

ఈసారి నా ఇంగ్లీషు వణకలేదు. ఆమె ఒక్కొక్క మాటకూ ఆగింది, నేను ఒక్కొక్కటే చెప్పాను.

"ఈయన్ని నేను క్షమించిన మాట నిజమే. ఇప్పుడూ ఉండాది ఆ క్షమాపణ, వెనక్కి తీసుకోలేదు. కోర్టులో లాయరు అడిగినాడు, మొగున్ని చంపినోని పక్కన ఎవురన్నా అన్నం తింటారా అని. నన్ను జవాబు చెప్పనీలేదు. ఇప్పుడు చెప్తాండా. ఈయన ఏమీ చేయకపోతే నేను దేన్ని క్షమించినట్టు? ఆ పొద్దు ఈయన తల వంచుకుని, ఏడ్చి, దేనికి క్షమాపణ తీసుకున్యాడు?"

డ్రైవరు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుస్తూ ఉన్నాడు, తుడుస్తూనే ఉన్నాడు. వెనక వరుసలో ఒక పిల్ల, మచ్చల ముఖం, చిన్న పిల్లే, చేయెత్తి ఏదో అడిగింది. పాస్టరయ్య వెంటనే కర్ర చప్పుడు చేసి, "భోజనాలు చల్లారిపోతాండాయి" అన్నాడు.

"ఏమడుగుతాందే ఆ పాప?" అంది అక్క.

"జైలుకు పోయినాడా అని అడుగుతాంది అక్కా."

అక్క ఆ పిల్లను చాలాసేపు చూసింది. "లేదని చెప్పు" అంది. చెప్పాను. ఆ పిల్ల ఇంకో ప్రశ్నకు నోరు తెరిచింది. వాళ్ల పెద్దాయన భుజం మీద చేయి వేసి ఆమెను కూర్చోబెట్టాడు. అందరూ పాటకు లేచారు. బయట కుర్చీలు వేస్తున్నారు, కూర వాసన వస్తోంది.

నేను పళ్లు కొరుక్కుంటూ అక్క చేయి పట్టుకుని ఇంటికి బయలుదేరాను. ఇన్నేండ్ల తర్వాత నోరు విప్పితే ఇంతేనా అని దారి పొడుగునా అందరినీ తిడుతూనే ఉన్నాను. మా గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతూ అక్క అంది:

"పోనీలేవే. ఆ పాప అడిగింది గదా."